గట్టు మీద ఎన్ని మొక్కలని కాదు, ఏ చెట్టు, ఎంత మాను?

సంపాదకులు గారికి,

నమస్కారం. తొలకరి పడిందంటే చాలు, మొక్కలు నాటే ఫొటోలు పత్రికల్లో వరసకడతాయి. మండలానికి ఇన్ని లక్షలు, జిల్లాకు ఇన్ని కోట్లు అని కింద అంకెలుంటాయి. అందులో ఏ జాతి ఎంత, మూడో ఎండాకాలం దాటి బతికినవెన్ని అన్న లెక్క మాత్రం అచ్చులో కనబడదు. ఈమధ్య దానికి కార్బన్ మాట తోడైంది. చెట్టు గాలిలోని కార్బన్‌ను తనలో దాచుకుంటుంది, అలా దాచినందుకు కంపెనీలు సొమ్మిస్తాయి; గట్ల మీద మొక్కలు పెట్టండి, ఆ కార్బన్ డబ్బులొస్తాయి అంటూ ఊళ్లలోకి మనుషులు వస్తున్నారు. వాళ్లు అడిగేదీ మొక్కల సంఖ్యే. పొలంలో కార్బన్ దాచేది మొక్క కాదు, మాను. అదీ ఒకే రకం మాను కాకుండా నాలుగైదు రకాలైతేనే నాలుగు కాలాలు నిలుస్తుంది. ఈ తేడా ఎంతో అంకెల్లో చూపించడానికే ఈ ఉత్తరం.

చేను మధ్య ఒక వేపచెట్టు ఉందనుకుందాం. నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో, అంటే 1.37 మీటర్ల దగ్గర, టేపు చుడితే 188 సెంటీమీటర్లు వచ్చింది. 3.14తో భాగిస్తే వ్యాసం సుమారు 60 సెంటీమీటర్లు. ఎత్తు 12 మీటర్లు. వేప కలప సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 0.68 గ్రాములు. ఉష్ణమండల చెట్లకు ఇప్పుడు ఎక్కువగా వాడే సూత్రం 2014లో ఛావ్ అనే శాస్త్రవేత్త బృందం ఇచ్చింది. సాంద్రతను వ్యాసం (సెంటీమీటర్లలో) వర్గంతో, ఎత్తుతో (మీటర్లలో) గుణించాలి. వచ్చినదాన్ని 0.976 ఘాతానికి తీసుకెళ్లి, 0.0673తో గుణించాలి. ఫోన్లోని కాలిక్యులేటరుకు అది నిమిషం పని. మన వేపకు నేలపైన ఎండు బరువు సుమారు 1,540 కిలోలు వస్తుంది. అందులో 47 శాతం కార్బన్, అంటే 725 కిలోలు. దాన్ని 44/12తో గుణిస్తే 2.66 టన్నుల కార్బన్ డయాక్సైడ్. వేళ్ల బరువు ఇంకా కలపలేదు. కలిపితే మరో పావు వంతు పైన పడుతుంది.

ఇప్పుడు గట్టు మీద మూడేళ్ల టేకు మొక్కను చూడండి. వ్యాసం 6 సెంటీమీటర్లు, ఎత్తు 5 మీటర్లు, సాంద్రత 0.55. అదే సూత్రంలో వేస్తే ఎండు బరువు 6 కిలోలు, కార్బన్ 3 కిలోల లోపు. ఒక్క వేపకు సమానం కావాలంటే ఇలాంటి టేకులు 250కి పైగా ఉండాలి. ట్రాక్టరుకు అడ్డమొస్తోందని ఒక మానును కొట్టేసి, ఆ వానాకాలంలోనే గట్టు చుట్టూ 50 మొక్కలు పెట్టిన రైతు కాగితం మీద 49 చెట్లు లాభపడ్డాడు. కార్బన్ ఖాతాలో మాత్రం చాలా ఏళ్లపాటు అప్పులోనే ఉంటాడు. కిటుకంతా వ్యాసం వర్గంలో ఉంది. చుట్టుకొలత రెట్టింపైతే బరువు దాదాపు నాలుగు రెట్లవుతుంది. ఎత్తు కూడా పెరుగుతుంది గనక అంతకంటే పైనే.

పొలాల్లో పెద్ద మానులు పోవడం ఊహకు చెప్పిన మాట కాదు. కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయం వారి నాయకత్వంలో ఉపగ్రహ చిత్రాలతో మన దేశపు పొలాల్లోని దాదాపు 60 కోట్ల చెట్లను ఒక్కొక్కటిగా గుర్తించిన అధ్యయనం 2024 మేలో వెలువడింది. తోటలుగా నాటినవాటిని అందులో లెక్కించలేదు. 2010-11లో ఉన్న పెద్ద చెట్లలో 11 శాతం దాకా 2018 నాటికి కనబడలేదు. 2018 నుంచి 2022 మధ్య మరో 50 లక్షలకు పైగా పెద్ద చెట్లు పోయాయి. ఆ రెండో లెక్కలో పెద్ద చెట్టంటే కొమ్మల గొడుగు సుమారు 67 చదరపు మీటర్లున్నది, అంటే అడ్డంగా 9 మీటర్ల నీడ. నష్టం బాగా పేరుకున్న ప్రాంతాల్లో తెలంగాణ ఉంది. కారణం కరవో చీడో అయితే అది వేరే సంగతి. చేలో చెట్టుంటే దిగుబడి తగ్గుతుందన్న భావన, బోర్లు పడి వరి వచ్చాక మడి చదును చేసుకోవడం, ఇవే ఎక్కువగా తేలాయి. మరోపక్క అటవీ సర్వే సంస్థ 2023 నివేదిక దేశంలో వ్యవసాయ అటవీ పచ్చదనం 1,27,590 చదరపు కిలోమీటర్లని, 2013తో పోలిస్తే 20 శాతం పెరిగిందని చెబుతోంది. రెండూ నిజమే. పోయింది చేను మధ్య వేప, ఇప్ప, నేరేడు. పెరిగిన పచ్చదనంలో మన దగ్గర ఏపుగా కనబడేది నాలుగేళ్లకోసారి లారీ ఎక్కే జామాయిల్, సుబాబుల్, సరుగుడు. పై నుంచి చూస్తే రెండూ పచ్చగానే ఉంటాయి.

పేపరు మిల్లుకు పోయే తోటను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. ప్రకాశం, కృష్ణా ప్రాంతాల సుబాబుల్ రైతుకు, తీరం వెంట సరుగుడు రైతుకు అది పంటే. కానీ కార్బన్ లెక్కలో దాన్ని కోత రోజు బరువుతో చూపిస్తున్నారు, అక్కడే మోసం. కోత నాటికి ఎకరాకు 20 టన్నుల ఎండు బరువు ఉందనుకుందాం. నాటిన రోజు సున్నా, కోసిన మర్నాడు మళ్లీ దాదాపు సున్నా. నాలుగేళ్ల సగటు తీస్తే ఆ పొలంలో నిలకడగా ఉన్నది 10 టన్నులకు మించదు. మొదటి రెండేళ్లూ పెరుగుదల నెమ్మది గనక ఇంకా తక్కువే. కోసిన కలప కాగితమై, అట్టపెట్టె అయి కొద్ది ఏళ్లలోనే కాలిపోతుంది, కుళ్లిపోతుంది. దూలమైన టేకు, నాగలైన తుమ్మ అలా కాదు.

ఇక రకాల సంగతి. పొలంలో ఎన్ని జాతులున్నాయో వేళ్ల మీద లెక్కపెడితే సరిపోదు, ఏది ఎంత వంతు ఉందో చూడాలి. 200 చెట్ల గట్టు మీద 190 టేకు, 5 వేప, 5 తుమ్మ ఉన్నాయనుకోండి. చెప్పుకోవడానికి మూడు జాతులు. జీవవైవిధ్యం కొలిచే షానన్ సూచికలో వేస్తే 0.23 వస్తుంది. దాన్ని జాతుల సంఖ్యలోకి మార్చితే 1.26, అంటే ఒకటింపావు జాతి! అదే 200 చెట్లు అయిదు జాతులు, ఒక్కోటి 40 చొప్పున ఉంటే సూచిక 1.61, నిజంగానే అయిదు జాతులు. 'మిశ్రమ నాట్లు' అని రికార్డుల్లో రాసే చాలా గట్లు ఈ ఒకటింపావు బాపతే. నర్సరీలో టేకు స్టంపులు (నాటడానికి వేరుతో కత్తిరించిన మొదలు ముక్కలు) సులువుగా దొరుకుతాయి, మేకలు పెద్దగా ముట్టవు, ధర వస్తుందన్న ఆశ ఉంటుంది. అందుకని గట్టంతా టేకే.

రకాలు పెరిగితే కార్బన్ దానంతటదే పెరుగుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. పొలాల్లో కార్బన్‌లో పెద్ద వాటా కొద్దిపాటి లావు చెట్లదే. పది రకాల పొదలు పెట్టినా ఒక చింతమానుకు సాటిరావు. రకాల వల్ల వచ్చే మేలు మూడు దారుల్లో వస్తుంది. వేప వేళ్లు లోతుకు పోతాయి, పచ్చిరొట్ట కోసం పెంచే గ్లైరిసిడియా వేళ్లు పై పొరల్లోనే ఎక్కువగా పరుచుకుంటాయి. రెండూ పక్కపక్కనే ఉన్నా నీటికోసం అంత గొడవపడవు. రెండోది, కానుగ, నల్లతుమ్మ, గ్లైరిసిడియా, అవిసె లాంటివి గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తాయి. పక్క చెట్టుకూ అది అందుతుంది. సరుగుడుదీ అదే గుణం, కాకపోతే దాని వేళ్లలో ఉండే సూక్ష్మజీవి వేరు. మూడోది, మాకు తెలిసి అన్నిటికంటే ముఖ్యమైనది, చీడ వచ్చినరోజు అన్నీ ఒక్కసారే పోకపోవడం.

దీనికి సాక్ష్యం దూరం వెళ్లి వెతకనక్కర్లేదు. 1980ల చివర్లో సిల్లిడ్ అనే రసం పీల్చే పురుగు వచ్చి సుబాబుల్ చిగుళ్లను మాడ్చింది. 2000 దాటాక గాల్ కందిరీగ జామాయిల్ మీద పడింది. ఆకు ఈనెల మీద, తొడిమల మీద బుడిపెలు కట్టి లేత మొక్కలు గిడసబారాయి. ఒకే క్లోన్ నుంచి వచ్చిన తోటల్లో మొక్కలన్నీ ఒక్క అచ్చులో పోసినవే, ఒకటి లొంగితే అన్నీ లొంగుతాయి. 2021లో తెలంగాణలో వేపచెట్లు కొమ్మల చివర్ల నుంచి ఎండుతూ వచ్చిన సంగతి అందరూ చూశారు. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రానికి టీ దోమ అనే రసం పీల్చే పురుగు తోడైంది. చాలా చెట్లు తర్వాత చిగిర్చాయి. కానీ గట్టంతా వేపే ఉన్నచోట ఆ ఏడాది నీడా లేదు, ఆకూ లేదు. కాబట్టి మేం చెప్పే కొండగుర్తు ఒకటే: గట్టు మీది చెట్లలో ఏ ఒక్క జాతీ మూడో వంతు దాటకూడదు, మహావృక్షమయ్యే జాతులు కనీసం మూడుండాలి.

శ్రీగంధం రైతులకు ఈ పాఠం ఎవరూ చెప్పనక్కర్లేదు. దాని వేళ్లు పక్క మొక్క వేళ్లను పట్టుకుని పోషకాలు లాక్కుంటాయి. చిన్నప్పుడు పక్కన కంది, తర్వాత సరుగుడు లాంటి ఆసరా చెట్టు లేకపోతే అది పాలిపోయి కూర్చుంటుంది. ఎకరాకు కోట్లు అన్న ప్రకటనల్లో ఈ ఆసరా చెట్టు ఊసే ఉండదు.

ఎకరం చదరంగా ఉంటే చుట్టూ గట్టు దాదాపు 250 మీటర్లు. ప్రతి 10 మీటర్లకు ఒక పెద్ద జాతి చొప్పున 25 గుంతలు వస్తాయి. రెండు పెద్ద చెట్ల నడుమ, అంటే ఒక్కోదానికి 5 మీటర్ల దూరంలో, మధ్యరకం ఒకటి: టేకు, మలబారు వేప, మునగ, ఉసిరి, సీతాఫలం. మిగిలిన ఖాళీల్లో అర మీటరుకొకటి గ్లైరిసిడియా కొమ్మలు గుచ్చాలి. హెక్టారుకు 700 మీటర్ల గట్టు మీద గ్లైరిసిడియా ఉంటే దాని ఆకుతో ఏటా 30 కిలోల దాకా నత్రజని చేనుకు అందుతుందని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వారు ఎప్పటినుంచో చెబుతున్నారు. యూరియా కట్ట లెక్కలో చూసుకుంటే అది ఒకటిన్నర కట్టకు దగ్గర.

పెద్ద జాతుల్లో ఏవి అన్నది నేల చెబుతుంది. ఎర్ర చెలకల్లో వేప, ఇప్ప, నారేప, ఏగిస. రేగడిలో నల్లతుమ్మ, వేప, నేరేడు. నీళ్లు నిలిచేచోట చింత పెట్టొద్దు, ఎదగదు. చౌడు తగిలినచోట కానుగ, నల్లతుమ్మ తట్టుకుంటాయి. తీరం ఇసుకల్లో తాటి, జీడిమామిడి, కానుగ. నారేప గురించి ప్రత్యేకంగా ఒక మాట. మన దేశపు కలపల్లో అత్యంత బరువైన వాటిలో అది ఒకటి, చేవ ముక్కను నీళ్లలో వేస్తే మునిగిపోతుంది. మొదటి మూడు నాలుగేళ్లు పైకి పెరగకుండా వేరు దింపుకుంటూ ఉంటుంది. మొక్క చచ్చిందనుకుని పీకేస్తారు, తొందరపడకూడదు.

నీడ ఎటు పడుతుందో చూడకుండా నాటితే తర్వాత గొడ్డలే దిక్కు. మన అక్షాంశాల్లో రబీ కాలమంతా సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు గనక నీడ ఉత్తరానికి పడుతుంది. దక్షిణపు గట్టు మీద మహావృక్షాలు పెడితే మీ శనగ మీదే నీడ. ఉత్తరపు గట్టు మీద పెడితే పక్క రైతు శనగ మీద. ఊళ్లో చెట్టు తగాదాల్లో సగం ఇక్కడే పుడతాయి. ఉత్తరపు గట్టు మీద నాటేముందు హద్దురాయి నుంచి 2 మీటర్లు లోపలికి జరగడం, అవతలి రైతుతో ఒక మాట అనుకోవడం మంచిది. దక్షిణపు గట్టు మీద మాత్రం పెద్ద జాతులకు బదులు సీతాఫలం, గ్లైరిసిడియా లాంటి పొట్టివి చాలు.

నాటడంలో తప్పులు ఏటా ఒకేలా జరుగుతాయి. గుంతలు ఏప్రిల్, మే నెలల్లో తీసి ఎండబెట్టాలి. కలప జాతులకు ఒకటిన్నర అడుగు పొడవు, వెడల్పు, లోతు. పండ్ల జాతులకు రెండడుగులకు తగ్గొద్దు. పైమట్టి వేరుగా పోసి, 5 నుంచి 10 కిలోల చివికిన పశువుల ఎరువు, చెదల బెడదున్న చోట పావుకిలో వేపపిండి కలిపి ఆ పైమట్టితోనే నింపాలి. చివకని ఎరువు వేస్తే చెదలను పిలిచి భోజనం పెట్టినట్టే. పాలిథిన్ సంచితోనే గుంతలో దింపేసిన మొక్కలు ఇప్పటికీ తవ్వితే బయటపడుతుంటాయి. సంచి కోసి తీసేయాలి. అడుగున చుట్టలు చుట్టుకున్న వేళ్లుంటే కత్తిరించాలి, లేదంటే ఆ చుట్టే కొన్నేళ్లకు చెట్టుకు ఉరితాడై గాలివానకు పడగొడుతుంది. ఇప్ప, నారేప లాంటి తల్లివేరు జాతులను సంచిలో పెంచేకంటే గుంతలోనే రెండు మూడు గింజలు వేసుకోవడం నయం. వేప, ఇప్ప గింజలు మొలకశక్తిని కొద్ది వారాల్లోనే కోల్పోతాయి. నిరుటి గింజ వేసి మొలవలేదంటే తప్పు గింజది కాదు. తుమ్మ గింజకు పెంకు గట్టి, వేడినీళ్లలో వేసి రాత్రంతా నానబెట్టాలి. మేకల మందలో ఏరిన గింజైతే ఆ పని మేక ఎప్పుడో చేసి పెట్టింది.

మొక్క బతికేదీ చచ్చేదీ మొదటి రెండు ఎండాకాలాల్లో తేలుతుంది. వారానికి పది లీటర్ల నీళ్లు, మొదలు చుట్టూ అరచేతి మందాన ఎండుగడ్డి కప్పు. కప్పు కాండానికి తగలకూడదు. నీటి ఎద్దడికంటే ఎక్కువ మొక్కల్ని చంపేవి రెండున్నాయి. ఒకటి గట్టు మీద కొట్టే కలుపు మందు. గ్లైఫోసేట్ తుంపర లేత ఆకు మీద, పచ్చి బెరడు మీద పడితే చాలు, మొక్క గిడసబారి చస్తుంది. రెండోది కొయ్యకాళ్లకు, పత్తి కట్టెకు పెట్టే మంట. చిన్న మొక్క అక్కడికక్కడే పోతుంది. పెద్ద చెట్టు పోదు, గాలివాలున ఉన్న పక్క బెరడు మాత్రం మాడుతుంది. ఆ మాడిన చోట చెదలు చేరి, నాలుగేళ్లకు లోపల డొల్లవుతుంది. బయటికి మాను, లోపల గుల్ల. కార్బన్ లెక్కలో దాన్ని నిండు మానుగా రాసేస్తారు.

పెద్ద చెట్టు దగ్గర రెండు మూడు మీటర్ల మేర పంట తగ్గుతుందన్నది అబద్ధం కాదు. దానికి నరకడమొక్కటే మందు కూడా కాదు. చేను వైపు, మాను నుంచి ఒక మీటరు దూరం వదిలి, రెండడుగుల లోతు కందకం తీసి పక్కవేళ్లను తెంపాలి. రెండేళ్లకోసారి ఈ పని చేస్తే పైపైన పాకే వేళ్లు పంట జోలికి రావు. కందకం ఒక్క పక్కే తీయాలి. నాలుగు పక్కలా తీస్తే గాలికి చెట్టు పడుతుంది. కొమ్మలు రబీ విత్తేముందు కొట్టుకోవచ్చు, అయితే గొడుగులో మూడో వంతు మించకుండా, తలను ముట్టుకోకుండా. తల నరికిన వేపకు పిలకలు గుబురుగా వస్తాయి, కాండం మాత్రం లావెక్కదు. కార్బన్ చేరేది ఆ కాండంలోనే.

ఇక కొలత. ఊళ్లో ఎవరైనా కొలవొచ్చు, కావలసింది దర్జీ టేపు, ఎర్ర పెయింటు, ఒక మీటరు కర్ర. పొరపాట్లు ఎక్కడ జరుగుతాయో ముందే తెలియాలి. టేపు వంకరగా చుట్టినా, నాలుగున్నర అడుగులకు బదులు నడుము ఎత్తులో చుట్టినా వ్యాసంలో 5 శాతం తేడా రావచ్చు. బరువులో అది 10 శాతం అవుతుంది. అందుకే మొదటిసారి చుట్టినచోట పెయింటు గీత పెట్టి, ఏటా ఒకే నెలలో అక్కడే కొలవాలి. ఎత్తుకు నీడ చాలు. మీటరు కర్ర నీడ 80 సెంటీమీటర్లున్న వేళకు చెట్టు నీడ 9.6 మీటర్లుంటే ఎత్తు 12 మీటర్లు. నేల చదునుగా ఉన్నచోట మాత్రమే ఇది పనికొస్తుంది. మొదలు దగ్గరే చీలి మూడు నాలుగు కాండాలున్న చెట్టుకు వ్యాసాలను కూడకూడదు. ఒక్కోదాని వర్గం తీసి, వాటిని కూడి, వర్గమూలం తీయాలి. 8, 6, 10 సెంటీమీటర్ల కాండాలుంటే జవాబు 14, అంతేగాని 24 కాదు. 24 అని రాస్తే బరువు దాదాపు మూడు రెట్లు ఉబ్బుతుంది. తాటికి, కొబ్బరికి ఈ సూత్రమే వర్తించదు. వాటి కాండం ఒకసారి కట్టాక లావెక్కదు, ఎత్తు మీద ఆధారపడ్డ లెక్క వేరే ఉంటుంది.

అన్నిటికంటే పెద్ద పొరపాటు పేరులో జరుగుతుంది. వేప, తురకవేప, మలబారు వేప మూడు వేర్వేరు చెట్లు. రిజిస్టరులో మూడింటికీ 'వేప' అనే రాస్తారు. మలబారు వేప కలప సాంద్రత 0.4 దగ్గర, వేపది 0.68. పేరు మారితే అదే కొలతలకు కార్బన్ మూడింట రెండు వంతులు ఎక్కువ తేలుతుంది. తుమ్మ అంటే నల్లతుమ్మా, తెల్లతుమ్మా, సర్కారు తుమ్మా? మద్ది అంటే తెల్లమద్దా, నల్లమద్దా? ఆకు, కాయ, బెరడు ఫొటో మూడూ తీసిపెట్టుకుంటే తర్వాత ఎవరైనా సరిచూడగలరు. జాతుల వైవిధ్యం లెక్క కూడా ఈ పేర్ల మీదే నిలబడి ఉంది మరి.

నేలలోని కార్బన్ గురించి క్లుప్తంగా. మన మెట్ట నేలల్లో సేంద్రియ కార్బన్ అర శాతం ఉండటమే ఎక్కువ. 0.5 శాతం, మట్టి సాంద్రత 1.4, లోతు 30 సెంటీమీటర్లు తీసుకుంటే హెక్టారుకు 21 టన్నులు, ఎకరాకు ఎనిమిదిన్నర. అంటే ఎకరం నేల ఒక అడుగు లోతులో దాచుకున్న కార్బనంతా కలిపినా, పైన చెప్పిన వేపలాంటి 12 చెట్ల కాండం, కొమ్మల్లో ఉన్నదానికి సమానం. ఎకరం చేను మధ్య అలాంటి 12 వేపలుంటే పంట పండదు, నిజమే. రెండు మూడు ఉండొచ్చు. నేల నమూనాలు మాను నుంచి 1, 3, 6 మీటర్ల దూరాల్లో వేరువేరుగా తీయాలి. ఒక్కచోటే తీస్తే చెట్టు మేలు కనబడదు, లేదా లేని మేలు కనబడుతుంది. నాలుగైదేళ్లు గడవకుండా మళ్లీ పరీక్షించడం డబ్బు దండగ.

కార్బన్ ఒప్పందాల మీద సంతకం పెట్టేముందు రైతులు ఈ లెక్క చూసుకోవాలి. గట్టు మీద 50 చెట్లు పెట్టి, పదేళ్లకు ఒక్కోటి 18 సెంటీమీటర్ల వ్యాసం, 9 మీటర్ల ఎత్తు అయ్యాయనుకుందాం. సాంద్రత 0.6. ఒక్కో చెట్టు ఎండు బరువు 98 కిలోలు, కార్బన్ డయాక్సైడ్‌గా 170 కిలోలు. యాభైకి ఎనిమిదిన్నర టన్నులు, వేళ్లు కలిపితే పదిన్నర. ఒక టన్నుకు ఒక క్రెడిట్, అంటే కంపెనీలు కొనుక్కునే పత్రం. టన్నుకు వెయ్యి రూపాయలనుకున్నా పదేళ్లకు పది వేల పైచిలుకు, ఏడాదికి వెయ్యి. అందులోంచి కొలిచినవాళ్ల ఖర్చు, ధ్రువీకరణ ఖర్చు, కంపెనీ వాటా, చెట్లు పోతే పూడ్చడానికి పక్కన పెట్టే క్రెడిట్లు పోవాలి. మునగకాయో ఉసిరో ఒక్క ఏడాదిలో ఇంతకంటే ఎక్కువ ఇస్తుంది. ఒప్పందం 20 నుంచి 40 ఏళ్లు ఉంటుంది. మధ్యలో భూమి అమ్మితే ఎవరిది బాధ్యత, కౌలుదారు నీళ్లు పోసి పెంచితే క్రెడిట్ ఎవరిది, చెట్టు పిడుగుకు పోతే ఏమిటి, ఇవి కాగితం మీద తెలుగులో ఉన్నాయో లేదో చదివించుకోండి. ముందే ఉన్న పాత చెట్లకు క్రెడిట్ రాదు. కొత్తగా చేరిన కార్బన్‌నే లెక్కిస్తారు. నియమంగా అది సబబే కావచ్చు, కానీ పాత మాను విలువ సున్నా అన్న సందేశం రైతుకు అందుతోంది.

ప్రభుత్వ నియమాలూ తెలియకుండానే అటే నెడుతున్నాయి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద చెట్టు కొట్టాలంటే అనుమతి తీసుకోవాలి. జామాయిల్, సుబాబుల్, సరుగుడు లాంటివాటికి సడలింపులున్నాయి. ఇప్ప, ఏగిస, నల్లమద్ది సొంత గట్టు మీద పెంచిన రైతు మాత్రం కూతురి పెళ్లికి ఒక చెట్టు అమ్ముకోవాలంటే ఆఫీసుల చుట్టూ తిరగాలి. దాంతో చాలామంది రైతులు ఆ జాతులు నాటడమే మానుకున్నారు. తానుగా మొలిచిన మొలకను వేలంత ఉన్నప్పుడే పీకేస్తున్నారు, పెరిగాక తంటా ఎందుకని. దేశానికి వ్యవసాయ అటవీ విధానం 2014లోనే వచ్చింది. ప్రపంచంలో అలాంటి విధానం తెచ్చుకున్న మొదటి దేశం మనదే. 2025 జూన్‌లో కేంద్రం వ్యవసాయ భూముల్లోని చెట్ల నరికివేతకు నమూనా నియమాలు రాష్ట్రాలకు పంపింది. ముందే పోర్టల్లో నమోదు చేసుకున్న చెట్లకు అనుమతి సులువు చేయడం అందులోని సారం. రెండు తెలుగు రాష్ట్రాలూ వాటిని స్థానిక జాతులకు వర్తించేలా తెచ్చుకోవాలి. కలపకు ఇచ్చే సడలింపు కాగితపు గుజ్జు జాతులకే పరిమితమైతే గట్ల మీద రకాలు పెరగవు.

మరో మూడు పనులు పెద్ద ఖర్చు లేనివి. పంట నమోదుకు సిబ్బంది ఎలాగూ పొలానికి వస్తారు. అదే ఫోన్లో 30 సెంటీమీటర్ల వ్యాసం దాటిన ప్రతి చెట్టు జాతి, చుట్టుకొలత, ఫొటో చేర్చే అవకాశమివ్వాలి. నాటిన రోజు ఇచ్చే డబ్బులో సగం ఆపి, మూడో ఏడు, అయిదో ఏడు బతికున్న మొక్కకు ఇవ్వాలి. రకాలు ఎక్కువున్న గట్టుకు కొంచెం ఎక్కువ ఇవ్వొచ్చు. ఇక నర్సరీలు. టేకు స్టంపులు లక్షల్లో పెంచేచోట నారేప, ఇప్ప, ఏగిస, నేరేడు వేలల్లోనైనా పెంచాలి. విత్తనం ఏ ఊరి ఏ చెట్టు నుంచి తెచ్చారో సంచి మీద రాయాలి. ఒక్క తల్లిచెట్టు గింజతో జిల్లా అంతా నింపితే, పేరుకు స్థానిక జాతే అయినా అది మళ్లీ ఒక్క అచ్చులో పోసిన తోటే.

వేప పండు రాలేది జూన్, జూలైలలో. ఇప్ప కాయ దాదాపు ఆ రోజుల్లోనే. ఈ వానాకాలం నర్సరీ సంచుల్లో ఏముండాలో ఆ నెలల లోపే నిర్ణయించాలి. తర్వాత ఏరిన గింజ మొలవదు.

ఇట్లు,
వ్యవసాయ అటవీ పరిశీలనలో పనిచేస్తున్న ఇద్దరు పాఠకులు,
మహబూబ్‌నగర్, అనంతపురం